మోకు వదిలే వేళ

అమీర్‌పేటలో మా ఇల్లు చిన్నదే. రెండు గదులు, ఒక వంటిల్లు, బట్టలు ఆరేసుకొనేంత వరండా. అయినా మా దివిసీమ బంధువులకు అది ఒక సత్రము. పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి దగ్గర కాబట్టి గుండెకైనా మోకాళ్లకైనా వైద్యానికి వచ్చేవారు మా ఇంటనే దిగుతారు. కోర్సులు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు హాస్టలు దొరికేదాకా మా వరండాలోనే పడుకుంటారు. వచ్చినవారికి అన్నము పెట్టడము, ఆసుపత్రిలో చీటీ రాయించడము, సాయంత్రము కుటుంబ ప్రార్థనలో వారిని కలుపుకోవడము మా ఇంటి అలవాటు. దేవుడు మాకు ఇచ్చిన పరిచర్య ఇదేనని మేము అనుకుంటాము.

వచ్చిన ప్రతివారూ అడిగేది ఒకటుంది. పని అయిపోయాక, ఊరికి బయలుదేరే ముందు, హుస్సేన్ సాగర్ చూపించమంటారు. ఇరవై ఏళ్లుగా ఎంతమందిని తీసుకువెళ్లామో లెక్కలేదు. నీళ్ల మధ్య బుద్ధవిగ్రహాన్ని చూస్తారు, మిరపకాయ బజ్జీలు తింటారు, లుంబినీ పార్కు దగ్గర ఇంజను పడవ ఎక్కి వస్తారు.

2024 దసరా సెలవులలో వచ్చిన మా అన్నయ్య మాత్రము చెరువు చూపించమని అడగలేదు. ఆయన మాలో ఒకరికి తోడబుట్టిన అన్నయ్య, మరొకరికి బావగారు. గుండె పరీక్షలకని వదినగారిని, పదకొండేళ్ల మనవడిని వెంటబెట్టుకొని వచ్చారు. ఆయన నీళ్లను చూడడానికి ఎక్కడికీ వెళ్లరు. ఎందుకో తెలిసినవారము గనుక మేమెన్నడూ బలవంతము చేయలేదు.

1977 నవంబరు 19, శనివారము. ఆ తేదీని కృష్ణాజిల్లా తీరమువారికి ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. ఆ రోజు తుపానుతోపాటు సముద్రము ఉప్పెనగా లేచి దివిసీమ పల్లెలను ముంచివేసింది. సుమారు పదివేలమంది చనిపోయారు. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వంటి ఊళ్ల పేర్లు అప్పటినుంచి దేశమంతా తెలిసినవి. మా అన్నయ్యకు అప్పుడు పద్నాలుగేళ్లు. ఇంట్లో నాన్నగారు, అమ్మ, అన్నయ్య, ఏడేళ్ల చెల్లెలు ఉన్నారు. అయిదేళ్ల చిన్నవాణ్ణి అంతకు పది రోజుల ముందే ఉయ్యూరులో అమ్మమ్మగారింటికి పంపారు. అందుచేత మాలో ఒకరు ఈ రోజు ఈ మాటలు వ్రాయగలుగుతున్నారు. తెల్లవారేసరికి అమ్మ, అన్నయ్య మిగిలారు. అన్నయ్య ఒక తుమ్మచెట్టు కొమ్మను పట్టుకొని బతికాడు. అంతకంటే ఎక్కువ ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అప్పటినుంచి ఆయన పడవ ఎక్కలేదు. కృష్ణ పాయల నడుమ పుట్టినవాడు, చుట్టూ కాలువలు, చేపల చెరువులు ఉన్న ఊళ్లో వ్యవసాయము చేసుకుంటున్నవాడు, అవతలి గట్టున పెళ్లి ఉంటే పది మైళ్లు చుట్టు తిరిగి రోడ్డుమీద వెళ్లేవాడు. పిల్లలను ఈతకు పంపలేదు. ఇప్పుడు మనవడినీ పంపడు. ఊళ్లో ఈత రాని మగపిల్లవాడు వాడొక్కడే.

ఆ వారము మా ఇంట్లో గృహకూడిక జరిగింది. మా సంఘములోని ఒక దంపతులు అమెరికాలో కుమారుని దగ్గర ఆరు నెలలు ఉండి అప్పుడే తిరిగి వచ్చారు. ప్రార్థన అయ్యాక, టీలు ఇచ్చుకుంటూ వారి ఓడ యాత్ర సంగతులు అడిగాము. కొడుకు వారిని వారము రోజులు కరీబియన్ సముద్రములో పెద్ద ప్రయాణికుల ఓడలో తిప్పాడట. ఓడ ఆగే రేవులలో సెయింట్ మార్టిన్ అనే చిన్న ద్వీపము ఒకటి. అక్కడ యాత్రికులను తెరచాప పడవ పందెములోకి ఎక్కించే ఏర్పాటు ఉన్నదట. అవి బొమ్మ పడవలు కావు. 1851 నుంచి జరుగుతున్న అమెరికాస్ కప్ అనే ప్రసిద్ధమైన పోటీల కోసము కట్టిన పడవలు. వాటిలో ఒకటైన స్టార్స్ అండ్ స్ట్రైప్స్ 1987లో ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ దగ్గర ఆ కప్పును గెలిచిన పడవ.

"ఎక్కినవారిని ఊరికే కూర్చోనివ్వరండీ" అన్నారు ఆయన. "నీవు ఈ చక్రము తిప్పు, నీవు ఆ మోకు లాగు, నీవు గడియారము చూడు అని తలా ఒక పని అప్పగిస్తారు. కొడుకు, కోడలు మోకులు లాగారు. మేము ఒడ్డున నిలబడి చూశాము."

పిల్లవాడు అన్నము ముద్ద నోట్లో పెట్టుకోవడము మరచిపోయి విన్నాడు. వాడి ప్రశ్న చాలా తిన్ననైనది. "అలాంటిది ఇక్కడ లేదా?"

ఉంది. అమీర్‌పేట కూడలినుంచి ఆటోలో ఎక్కువసేపు పట్టనంత దగ్గరలోనే ఉంది. హైదరాబాదుకు సముద్రము లేదుగాని పెద్ద చెరువు ఉంది. దానిని 1562 ప్రాంతములో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలములో హుస్సేన్ షా వలీ కట్టించాడు. ఆ చెరువుమీద తెరచాప పడవల పోటీలు మన రాష్ట్రానికి కొత్తవి కావు. సికింద్రాబాదులో సైన్యానికి చెందిన ఇ.ఎం.ఇ. విభాగమువారి సెయిలింగ్ సంఘము పూనికతో 1984లో మొదలైన హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు దేశములో మంచి పేరుంది. సాధారణముగా వానాకాలములోనే ఆ పోటీలు పెడతారు. నైరుతి ఋతుపవనాల గాలి పడమటినుంచి బలముగా, ఎడతెగకుండా వీచేది అప్పుడే గనుక. ఒక్క మనిషి, ఒక్క తెరచాప, సుమారు పద్నాలుగు అడుగుల పొడవు ఉండే లేజర్ అనే పడవలు అందులో ముఖ్యమైనవి. పదిహేనేళ్లలోపు పిల్లలకు ఆప్టిమిస్ట్ అనే ఇంకా చిన్న పడవ ఉంది. దాని పొడవు ఏడున్నర అడుగులే. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌వారు బస్తీలలోని బీదపిల్లలకు కూడా ఈ విద్య నేర్పుతూ వచ్చారు. టిక్కెట్టు కొని రేసు చూడని పిల్లలు ఇక్కడ నేర్చుకొని దేశము తరఫున పోటీలకు వెళ్లారంటే సంతోషము కలుగదా!

మా సంఘములోని ఒక సహోదరి కుమార్తె అటువంటి పిల్లలలో ఒకతె. చిన్నప్పుడు నేర్చుకొని, ఇప్పుడు సెలవు రోజుల్లో కొత్తవారికి నేర్పుతున్నది. ఆ రాత్రి ఆమె మా ఇంట్లోనే ఉంది. "శనివారము సాయంత్రము రండి అంకుల్. కొత్తవాళ్లకు రెండు గంటల పరిచయము ఉంటుంది. చివర చిన్న పందెము కూడా పెడతాము" అన్నది.

పిల్లవాడు తాతయ్య ముఖము చూశాడు. అన్నయ్య కంచములో చేయి కడుక్కొని లేచిపోయారు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద వాదన ఏమీ జరగలేదు. మచిలీపట్నములో ఉన్న పిల్లవాడి తల్లిదండ్రులు ఫోనులో సరేనన్నారు. వదినగారు మాత్రము వంటింట్లో నెమ్మదిగా ఒక మాట చెప్పింది. "ముప్ఫై ఏడేళ్ల కాపురములో కాలువ వంతెన దాటిన ప్రతిసారీ ఆయన నా చేయి పట్టుకొనే దాటారు. వంతెనమీద కూడా! ఆ పట్టు ఎంత గట్టిదో నా మణికట్టుకు తెలుసు. పిల్లవాడి విషయములో మీరేమీ అనకండి. ఆయననే చెప్పనివ్వండి." మేము ఊరుకున్నాము, ప్రార్థనలో ఆ సంగతి పెట్టుకున్నాము.

శుక్రవారము పొద్దున అన్నయ్య వార్తాపత్రిక చూస్తూ, తల ఎత్తకుండానే, "వాడు ఎక్కితే ఎక్కనివ్వండి. నేను గట్టున కూర్చుంటాను" అన్నారు.

శనివారము మధ్యాహ్నము పంజగుట్టలో ఆసుపత్రి రిపోర్టులు తీసుకున్నాము. గుండెకు భయము లేదన్నారు. అక్కడినుంచే ఆటోలో ఖైరతాబాదు మీదుగా నెక్లెస్ రోడ్డుకు, అక్కడినుంచి సంజీవయ్య పార్కు వైపు గట్టుకు చేరాము. అన్నయ్య ఆటోలో నీళ్లవైపు కూర్చోలేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. హుస్సేన్ సాగర్ నీరు శుభ్రమైనది కాదు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నగరపు మురుగును ఏళ్ల తరబడి అందులోకి తెచ్చాయి. ఎండాకాలములో వాసన గట్టుమీదికి కూడా వస్తుంది. కనుక చేతులు నోట్లో పెట్టుకోవద్దనీ, దిగాక సబ్బుతో కడుక్కోవాలనీ ముందే చెప్తారు. ఈ చెరువు ప్రాణాలు తీసుకున్న సంగతి కూడా ఉంది. 1990 మార్చిలో బుద్ధవిగ్రహాన్ని మోసుకు వెళ్తున్న పడవ ఒరిగి విగ్రహము మునిగిపోయినప్పుడు పనివారు కొందరు చనిపోయారు. 1992 డిసెంబరులో గాని దానిని పైకి తీయలేకపోయారు. నీళ్లు ఎక్కడైనా నీళ్లే. అందుకే నేర్పేవారు మొదట చేసేది తెరచాప విప్పడము కాదు, అందరికీ తేలే కోటు తొడిగించి, పట్టీలు లాగి, అది వదులుగా లేదని తామే చూడడము.

గట్టుమీదనే ఒక పాఠము చెప్పారు. మన పల్లెలవారికి ఎద్దులబండి, ట్రాక్టరు తెలుసు. అవి ఎటు తిప్పితే అటు తిన్నగా వెళ్తాయి. తెరచాప పడవ అట్లా కాదు. గాలి వెనకనుంచి వచ్చినప్పుడు వెళ్లడము తేలిక. ప్రక్కనుంచి వచ్చినా వెళ్తుంది. అసలు వేగము అప్పుడే ఎక్కువ. గాలి వచ్చే దిక్కుకే మనము వెళ్లాలంటే మాత్రము తిన్నగా వెళ్లలేము. గాలికి ఎదురుగా ముక్కు పెడితే తెరచాప టపటప కొట్టుకొని పడవ నిలిచిపోతుంది. కాబట్టి కొంత కుడికి ఏటవాలుగా, తరువాత కొంత ఎడమకు ఏటవాలుగా, మెట్లు ఎక్కినట్లు ఎక్కాలి. తిరిగిన ప్రతిసారీ తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర ఒక వైపునుంచి మరో వైపుకు వస్తుంది. తల వంచకపోతే తలకే తగులుతుంది!

ఇది వింటున్నప్పుడు అపొస్తలుడైన పౌలు రోమాకు వెళ్లిన ప్రయాణము మాకు గుర్తుకు వచ్చింది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఎదురుగాలి వలన వారు కుప్ర చాటున వెళ్లారని వ్రాయబడి ఉంది. ఎన్నోసార్లు చదివాము. చాటున వెళ్లడమంటే ఏమిటో ఆ గట్టుమీద నిలబడినప్పుడే అర్థమైంది. ఆనాటి పెద్ద సరుకు ఓడలు నేటి పడవలవలె గాలికి ఎదురు ఎక్కలేవు. అందుకని ద్వీపమును అడ్డము పెట్టుకొని వెళ్లవలసి వచ్చింది.

రెండు శిక్షణ పడవలు సిద్ధముగా ఉన్నాయి. ఒక్కొక్కదానిలో నేర్పేవారు ఒకరు, కొత్తవారు నలుగురు. ఒకదానిలో అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కంప్యూటరు కోర్సులు నేర్చుకుంటున్న నలుగురు కుర్రాళ్లు ఎక్కారు. రెండవదానిలో మేమిద్దరము, పిల్లవాడు, మా సహోదరి కుమార్తె. నాలుగో మనిషి స్థలము ఖాళీగా ఉంది.

పిల్లవాడు పడవలో కాలు పెట్టగానే అది కొంచెము ఊగింది. అంతే. గట్టుమీద సిమెంటు బల్లపై కూర్చున్న అన్నయ్య లేచి, చెప్పులు విప్పి ప్రక్కన పెట్టి, "నాకూ ఒక కోటు ఇవ్వండమ్మా" అన్నారు. ఎవరూ ఆయనను పిలవలేదు. వదినగారు రెండు చేతులూ నోటికి అడ్డము పెట్టుకున్నది. ఆయన పడవలోకి దిగడానికి చాలాసేపు పట్టింది. ఒక కాలు లోపల, ఒక కాలు చెక్కమీద పెట్టి అట్లాగే నిలబడిపోయారు. ఆ పిల్ల తొందరపెట్టలేదు. "తాతగారూ, మీ ఇష్టము వచ్చినప్పుడు దిగండి. గాలి ఎక్కడికీ పోదు" అన్నది.

తలా ఒక పని వచ్చింది. పిల్లవాడికి చుక్కాని పిడి, ప్రక్కనే ఆమె. మాలో ఒకరికి ముందున్న చిన్న తెరచాప మోకు, ఒకరికి గడియారము. అన్నయ్యకు పెద్ద తెరచాప మోకు. ఆయన చేతులు పెద్దవి, కాయలు కాచినవి. వాటిని చూసి ఆమె ఆ పని ఇచ్చింది. మోకు చేతికి రాగానే ఆయన దానిని మడిచి, అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నారు. "అట్లా చుట్టకూడదు తాతగారూ" అని ఆమె విప్పించింది. "చుడితే అవసరమైనప్పుడు వదలలేరు."

ఒక గంట అటూ ఇటూ తిరిగి నేర్చుకున్నాక పందెము పెట్టారు. నీళ్లమీద నారింజరంగు బుడగలు మూడు తేలుతున్నాయి. వాటిని వరుసగా చుట్టి రావాలి. అసలు పోటీలలో జెండాలు ఎత్తి, బూర ఊది, 5 నిమిషాల ముందు ఒకసారి, 4 నిమిషాలకు ఒకసారి, 1 నిమిషానికి ఒకసారి హెచ్చరిస్తారు. పడవకు బ్రేకు ఉండదు. గీత దగ్గర ఆగి ఉండడానికి వీలులేదు. కాబట్టి గడియారము చూసుకుంటూ, గీతకు వెనుకనే తిరుగుతూ, సరిగ్గా బూర ఊదేవేళకు గీత దాటేటట్లు రావాలి. మా గడియారము పనివారు గొంతు పోయేటట్లు అరిచారు. ఇరవై, పదిహేను, పది! పిల్లవాడి చుక్కాని వంకర పోయింది, మళ్లీ సరి అయింది. ఎదుటి పడవకంటే నాలుగు బారలు ముందు మేము గీత దాటాము. గట్టుమీద వదినగారు చప్పట్లు కొట్టడము వినిపించింది.

మొదటి బుడగ టాంక్‌బండ్ వైపు, గాలికి ఎదురు. కుడికి, ఎడమకు, మళ్లీ కుడికి. తిరిగినప్పుడల్లా "తలలు!" అని పిల్లవాడి కేక. అందరమూ వంగడము. అన్నయ్య మోకు లాగుతున్నారు, ఆమె చెప్పినంత సడలిస్తున్నారు. ఆయన ముఖములో భయము పోలేదుగాని, పని మీద ఉన్న రైతు ముఖము కూడా అందులోకి వచ్చింది.

మొదటి బుడగ దాటి ప్రక్కగాలికి తిరిగాము. ఆమె దూరముగా నీళ్లమీద ఒక నల్లని మరక పరుగెత్తి రావడము చూపించింది. "అది బలమైన గాలి. ఇప్పుడు మనకు తగులుతుంది. నేను చెప్పగానే మోకు వదలాలి" అన్నది. చెప్పినంతలోనే తగిలింది. పడవ ఒక్కసారిగా ఒరిగింది. అంచు నీటిని తాకి చల్లటి నీళ్లు మా కాళ్లమీదికి వచ్చాయి. పిల్లవాడు జారి తాతయ్య మోకాళ్లకు తగిలాడు.

"మోకు వదలండి తాతగారూ!"

ఆయన వదలలేదు. ఒక చేత్తో పిల్లవాడి కోటు పట్టుకున్నారు, రెండవ చేతిలో మోకు. పిడికిలి తెల్లబడింది. ఎంత పట్టుకుంటే పడవ అంత ఒరుగుతున్నది. అది కొన్ని క్షణాలే అయి ఉండవచ్చు. మాకు చాలాసేపుగా తోచింది. ఆమె అరవలేదు. ఆయన కళ్లలోకి చూస్తూ, సండేస్కూలు పిల్లలకు చెప్పినంత మెల్లగా, "వదలండి తాతగారూ, ఏమీ కాదు. పడవ లేస్తుంది" అన్నది.

ఆయన వేళ్లు విప్పారు. మోకు సర్రున జారింది, తెరచాప గాలికి తెరుచుకొని టపటప కొట్టుకున్నది, పడవ లేచి నిలబడింది. అంత తేలికగా.

ఎవరూ మాట్లాడలేదు. కొంత ఊపిరి తీసుకున్నాక ఆమె చెప్పిన మాటలు మేము ఇంటికి వచ్చి వ్రాసి పెట్టుకున్నాము. "గాలి మన బలము కన్నా ఎక్కువైనప్పుడు పట్టుకొని ఉంటే పడవ పడిపోతుంది. వదిలితే నిలబడుతుంది. వదలడమంటే పారవేయడము కాదు. కొస మీ చేతిలోనే ఉంటుంది, మళ్లీ లాక్కోవచ్చు."

ఈలోగా ఎదుటి పడవ మమ్మల్ని దాటింది. చివరి బుడగను చుట్టేటప్పుడు వారి పడవ దానికి కొంచెము రాసుకున్నది. అది మా పడవలోనివారు ఎవరూ చూడలేదు. గట్టుమీదివారికి కనిపించేంత దగ్గర కాదు. అయినా వారు నవ్వుకుంటూ పడవను అక్కడే ఒక పూర్తి చుట్టు తిప్పి, అప్పుడు ముందుకు వెళ్లారు. పిల్లవాడికి ఆశ్చర్యము వేసింది. "ఎందుకు తిరిగారు?" ఆమె చెప్పింది. బుడగను తాకినవారు తమంతట తామే ఒక చుట్టు తిరగాలి. మరొక పడవకు దారి ఇవ్వవలసిన చోట ఇవ్వకపోతే రెండు చుట్లు. నీళ్లమీద వెంట ఈల పట్టుకొని పరుగెత్తే రిఫరీ ఉండడు. తప్పు చేసినవాడే ఒప్పుకొని తిరుగుతాడు. ఆ ఆటలో మర్యాద అది.

"ఎవరూ చూడకపోయినా?"

"ఎవరూ చూడకపోయినా."

అంత చుట్టు తిరిగి కూడా వారే ముందు చేరారు! మేము రెండవవారము. ఉన్నవి రెండు పడవలే కనుక రెండవ బహుమతి అని పిల్లవాడు ఊరంతా చెప్పుకున్నాడు, అది అబద్ధము కాదు.

తిరుగుప్రయాణములో అన్నయ్య ఆటోలో ఏమీ మాట్లాడలేదు. పంజగుట్ట ఫ్లైఓవరు క్రింద ట్రాఫిక్‌లో చాలాసేపు ఆగిపోయాము. నాలుగువైపులా హారన్లు, ప్రక్కన బస్సుల పొగ. ఆ గోల మధ్యలో, ఎవరినీ చూడకుండా ఆయన ఇట్లా అన్నారు.

"ఆ రాత్రి చెల్లి చేయి నేను వదలలేదురా. నీళ్లే విడిపించాయి."

నలభై ఏడేళ్ల తరువాత ఆయన నోట ఆ చెల్లి మాట వచ్చింది. ఇన్నేళ్లూ ఆ చేయి తానే వదిలానేమోనని ఆయన లోలోపల ఎంత నలిగిపోయారో మాకు అప్పుడు అర్థమైంది. ఏమి చెప్పాలో తెలియలేదు. వదినగారు మాత్రము ఆయన చేయి తన ఒళ్లోకి తీసుకొని, "పద్నాలుగేళ్ల పిల్లవాడివి. సముద్రముతో నీవేమి చేయగలవు" అన్నది. గ్రీన్ సిగ్నలు పడింది. ఆటో కదిలింది. అమీర్‌పేట వచ్చేవరకు ఆయన కన్నీళ్లు తుడుచుకోలేదు, మేమూ ఆపమనలేదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యము ఆయననే చదవమన్నాము. ఆయన అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము తీశారు. ఓడలో ఉన్నది 276 మంది. రాత్రి చీకటిలో రాళ్లకు కొట్టుకుంటామని భయపడి నాలుగు లంగరులు వేశారు, తెల్లవారడము కోసము కనిపెట్టుకున్నారు. ఆ రాత్రి పట్టుకొని ఉండడమే వారిని కాపాడింది. తెల్లవారాక మాత్రము ఆ లంగరులనే త్రాళ్లు కోసి సముద్రములో విడిచిపెట్టి, తెరచాప ఎత్తి ఒడ్డుకు నడిపించారు. ఓడ పగిలిపోయిందిగాని ఒక్క ప్రాణము పోలేదు. చదవడము ముగించి ఆయన, "రాత్రి పట్టుకోవాలి. తెల్లవారితే వదలాలి" అని మాత్రము అన్నారు. అంతకు మించిన ప్రసంగము మా ఇంట్లో ఎవరూ చేయలేదు.

ప్రియమైన చదువరులారా, మీలో చాలామంది సముద్రపు అంచున, ఏటి ఒడ్డున, కాలువ గట్టున నివసించేవారు. మీ ఇండ్లలో కూడా ఇటువంటి పెద్దలు ఉంటారు. ఉప్పెనలోనో, పిడుగుపాటులోనో, రోడ్డు ప్రమాదములోనో ఎవరినో పోగొట్టుకొని, మిగిలినవారిని గట్టిగా పట్టుకొని బతుకుతున్నవారు. వారి భయమును పిరికితనమని ఎగతాళి చేయవద్దు. ఆ భయము ప్రేమనుంచే వచ్చింది. అయితే ఆ పట్టులోనే పిల్లలు పెరగలేకపోవచ్చు. ఈత రాని పిల్లవాడు నీళ్ల ఊళ్లో ఎక్కువ ప్రమాదములో ఉన్నట్లే గదా! తోడుగా పడవలోకి దిగి, చెప్పినప్పుడు వేళ్లు విప్పడము నేర్చుకుంటే పెద్దలకూ మంచిది, పిల్లలకూ మంచిది.

దీనికి హుస్సేన్ సాగరే కానక్కరలేదు, ఓడ యాత్రలు అసలే కానక్కరలేదు. నమ్మకమైన మనిషి నేర్పేవారై ఉండాలి. తేలే కోటు ఒంటికి సరిపోయేది ఉండాలి. గాలివాన హెచ్చరిక ఉన్న రోజు ఎవరెంత సరదాపడినా నీళ్లమీదికి వెళ్లకూడదు. భయపడేవారిని తొందరపెట్టకూడదు. ఈ నాలుగూ ఉంటే చాలు.

అన్నయ్య ఊరికి వెళ్లిన వారానికే మనవడిని ఈతకు చేర్పించారు. వారానికి మూడు రోజులు తానే సైకిలుమీద తీసుకువెళ్లి, మొదట్లో గట్టున నిలబడి చూసేవారట. 2025 వేసవి సెలవులలో పిల్లవాడు మా ఇంటికి వచ్చి పది రోజులు ఆప్టిమిస్ట్ పడవ నేర్చుకున్నాడు. అందులో ఒక్కరే కూర్చోవాలి. తాతయ్య ఆ పది రోజులూ ఊళ్లోనే ఉండిపోయారు. రోజూ సాయంత్రము ఏడు గంటలకు ఫోను చేసి వాడు ఏమి తిన్నాడో అడిగేవారు. పడవ సంగతి వాడు చెప్పేదాకా ఎత్తేవారు కాదు. చివరి రోజు వాడు, "తాతయ్యా, ఈ రోజు గాలి ఎక్కువైంది, నేనే మోకు వదిలాను, పడవ లేచింది" అన్నాడు. అవతలినుంచి కొంతసేపు ఏమీ వినిపించలేదు. తరువాత ఆయన, "మంచిదిరా నాన్నా. రేపు ఏ బస్సుకు వస్తున్నావు?" అన్నారు.